పాత వెస్పాని మాలిమి చేసుకోవడం ఎలా?

పాత స్కూటర్ చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో రెండు వస్తువులు పెట్టుకోండి. ఒకటి ఫ్రిజ్ తలుపుకి అంటించే చిన్న అయస్కాంతం, రెండోది టార్చిలైటు. ఇంజిన్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. అది ఎంత పాడైనా సిలిండర్‌కి బోర్ కొట్టించి (అరిగిన లోపలి గోడ తొలిపించి), సీళ్లు మార్చి నాలుగు రోజుల్లో మళ్లీ మోగిస్తారు. రేకు కుళ్లినా, కాగితాలు పోయినా మాత్రం ఎంత డబ్బు పోసినా తలనొప్పి తీరదు. ఈ ముక్క నేను మొదటి బండి కొన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఏడాది కలిసొచ్చేది.

ఆ బండి పిస్తా రంగులో తళతళలాడుతూ ఉండేది. "మొత్తం కొత్తగా చేయించాం సార్, ఒక్క రూపాయి పని లేదు" అన్నాడు అమ్మినాయన. ఇంటికి తెచ్చిన మూడో వారం మా బావమరిదిని వెనక ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దిగాను. స్టాండ్ బోల్టు దగ్గర పెయింటు చిట్లింది. గోటితో గీరితే అరచేయంత పెచ్చు ఊడి వచ్చింది. దాని కింద లప్పం, లప్పం వెనక ఫైబర్ గుడ్డ, గుడ్డ వెనక రోడ్డు. రేకు ఎప్పుడో పోయింది.

ముందు రేకు, తర్వాత కాగితం

వెస్పాకి రేకు ఎందుకంత ముఖ్యమంటే, దానికి విడిగా ఛాసిస్ అంటూ లేదు. ఒంటి మీది రేకే దాని ఎముకలు కూడా. దీన్ని గీసిన కొరాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు, మోటార్ సైకిలంటే ఆయనకి చిరాకట. చైను మసి, బట్టల మీద పడే నూనె, పంక్చరైతే చక్రం విప్పడానికి పడే తిప్పలు, ఇవన్నీ లేని బండి చేయమని పియాజియో కంపెనీ అడిగితే, విమానం రెక్క చేసినట్టు రేకునే మడిచి బండి చేశాడు. ముందు చక్రాన్ని ఒక పక్క నుంచి మాత్రమే పట్టుకునే ఫోర్కు కూడా విమానం చక్రాల పద్ధతే. 1946 ఏప్రిల్ 23న పేటెంటుకి పెట్టారు. సన్నటి నడుము, వెనక ఉబ్బిన డొప్పలు చూసి "ఇది కందిరీగలా ఉందే" అన్నాడట ఎన్రికో పియాజియో. ఇటాలియన్‌లో వెస్పా అంటే కందిరీగే.

అందుకని కాళ్లు పెట్టే రేకు మొత్తం అయస్కాంతంతో తడమండి. పెయింటు గీతలు పడకుండా పలచటి గుడ్డ చుట్టండి. గట్టిగా పట్టుకుంటే రేకు ఉంది. జారిపోతుంటే అక్కడ లప్పం ఉంది. ముఖ్యంగా చూడాల్సినవి స్టాండ్ బోల్టుల చుట్టూ, బ్రేక్ పెడల్ కింద, కాళ్ల రేకు పైకి వంగి ముందు షీల్డుగా మారే మడత, స్టెప్నీ వైపు డొప్ప లోపల బ్యాటరీ ఉండే చోటు. బ్యాటరీ యాసిడ్ కారి ఈ చివరిది లోపలి నుంచి తినేస్తుంది, పైకి ఏమీ తెలీదు. తర్వాత బండిని పక్కకి పడుకోబెట్టమని అడిగి, అడుగున టార్చి వేసి చూడండి. అడుగున మందంగా నల్లటి అండర్‌కోటింగ్ కొత్తగా పూసి ఉంటే అనుమానించండి. పాత బండికి అడుగున కాస్త తుప్పు కనబడటమే నిజాయితీ.

ఊరు కూడా అడగండి. విశాఖ, కాకినాడ వైపు సముద్రపు గాలి తిన్న బండి కంటే, కరీంనగర్‌లోనో అనంతపురంలోనో పదేళ్లు షెడ్డులో మూలన పడి, దుమ్ము తప్ప ఏమీ తినని బండి మేలు. రంగు వెలిసిపోయి అసహ్యంగా ఉన్నా సరే. నా లెక్కలో కొత్త పెయింటు వేసిన బండి కంటే పాత పెయింటు మిగిలిన బండికే ఎక్కువ ధర ఇవ్వాలి.

మన దగ్గర ఏవి దొరుకుతాయి? ఇటలీ నుంచి దిగుమతైనవి అరుదు, వాటి ధరలు వేరు. ఎక్కువగా దొరికేవి అదే ఇటాలియన్ డిజైన్‌తో ఇక్కడ తయారైనవి. 1960లలో బజాజ్ వాళ్లు పియాజియో లైసెన్సుతో చేసిన బజాజ్ 150, ఆ లైసెన్సు 1971లో అయిపోయాక 1972 నుంచి అదే వెస్పా ఎముకల మీద చేసిన చేతక్, 1980లలో కాన్పూర్ నుంచి వచ్చిన ఎల్‌ఎంఎల్ వెస్పా. ఇంకో వంశం లాంబ్రెట్టా. మిలాన్ నగరంలోని లాంబ్రాతే ప్రాంతంలో ఇన్నోచెంతి కంపెనీ చేసింది. ఆ యంత్రాలనే మన ప్రభుత్వం కొని లక్నోకి తెచ్చి స్కూటర్స్ ఇండియా పెట్టింది. విజయ్ సూపర్ అక్కడిదే, హైదరాబాద్ ఆల్విన్ పుష్పక్ కూడా ఆ వంశమే. లాంబ్రెట్టాకి ఇనుప గొట్టం ఛాసిస్ ఉంటుంది, ఇంజిన్ మధ్యలో ఉంటుంది, వెనక చక్రానికి శక్తి చైన్ మీదుగా వెళ్తుంది. అందంలో వెస్పా కంటే ఒక మెట్టు పైనే అంటాను. కానీ మొదటి బండిగా వద్దు, సామాన్లకీ తెలిసిన మెకానిక్‌కీ తిరగాలి. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ వెస్పా కుటుంబానివి, అందులోనూ 150 సీసీ, పదంగుళాల చక్రాలున్న వాటివి.

మొదటిసారి కొంటున్నవాళ్లకి నా సలహా ఎల్‌ఎంఎల్. 12 వోల్టుల కరెంటు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నది చూసుకోండి. 1960ల బండి ఫొటోలో బాగుంటుంది. దాని 6 వోల్టుల లైటు రాత్రి పూట అగ్గిపుల్ల వెలుగే.

కాగితాల సంగతి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద మీ కళ్లతో చదవండి. ఛాసిస్ నంబరు సాధారణంగా డొప్ప తీస్తే వెనక వైపు రేకు మీద కొట్టి ఉంటుంది, ఇంజిన్ నంబరు కేసింగ్ మీద ఉంటుంది. పెయింటు పూడుకుపోతే గీకి చూపించమనండి. అంకెలు వంకరగా, లోతులు తేడాగా ఉంటే మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేయండి. ప్రైవేటు బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. గ్రీన్ ట్యాక్స్ కట్టారా, చివరి రెన్యువల్ ఎప్పటిది అని అడగండి. "ఆర్‌సీ పోయింది సార్, డూప్లికేట్ ఈజీగా వస్తుంది" అనే మాట వింటే, ఆ ఈజీ పని ఆయన్నే చేసి ఇవ్వమనండి. ఆ తర్వాతే డబ్బు.

50 ఏళ్లు దాటిన బండికి కేంద్రం 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా చేయించుకుంటే నంబరులో వీఏ అని వస్తుంది. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఆ కింద చేరిస్తే రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు, ఇలాంటి వాటికే రోడ్డెక్కాలి. కూరగాయలకి దాని మీదే వెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోండి.

ఇంటికి తెచ్చిన మొదటి వారం

అమ్మినాయన చెప్పినవేవీ నమ్మకుండా మొదలుపెట్టాలి. ట్యాంకులో ఉన్న పెట్రోలు పూర్తిగా తీసేయండి. అది ఎప్పటిదో, అందులో నూనె ఎంత కలిపారో మీకు తెలియదు. ట్యాంకు అడుగున ఎర్రటి పొడి కనబడితే తుప్పు. ట్యాంకు విప్పి, గుప్పెడు చిన్న నట్లు వేసి, కాస్త పెట్రోలు పోసి బాగా గిలకొట్టి వంచేయండి. నీళ్లు తేటగా వచ్చినట్టు పెట్రోలు తేటగా వచ్చేవరకు అలాగే చేయాలి. నట్లు ఎన్ని వేశారో లెక్కపెట్టుకోండి. నేను పన్నెండు వేసి పదకొండు తీసిన రోజు ఉంది.

పెట్రోలు పైపు ఎలా ఉన్నా మార్చేయండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకి అది పడదు. పైపు మెత్తబడి లోపల పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు జెట్టులో (గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రంలో) ఇరుక్కుంటాయి. ఇథనాల్‌కి తట్టుకునే పైపు అని అడిగి కొనండి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. అందుకని నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచవద్దు.

తర్వాత గేర్ ఆయిల్. ఇంజిన్ పది నిమిషాలు నడిపి వేడెక్కాక, అడుగున డ్రెయిన్ బోల్టు విప్పండి. నల్లటి నూనె రావడం మామూలే. వేలితో నలిపితే ఇసుకలా ఇత్తడి రంగు పొడి తగిలితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. ముక్కున పెట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పున కొడితే క్లచ్ వైపు క్రాంక్ సీలు (క్రాంక్ షాఫ్టు చుట్టూ ఉండే రబ్బరు రింగు) పోయి ఉండొచ్చు, దాని గురించి కింద చెప్తాను. ఎస్‌ఏఈ 30 నూనె పావు లీటరు పోస్తే సరిపోతుంది. పక్క రంధ్రంలోంచి పొంగి కారడం మొదలైతే నిండినట్టు. క్లచ్ ప్లేట్లు కూడా ఇదే నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి కార్లకి పోసే నూనె పోయకండి, క్లచ్ జారుతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు.

ఇదే వారంలో వెనక చక్రం మధ్యలో ఉన్న పెద్ద నట్టు చూడండి. దానికి అడ్డంగా పిన్ను ఉండాలి. నట్టు కాస్త వదులైనా డ్రమ్ము లోపలి పళ్లు అరిగిపోతాయి, తర్వాత డ్రమ్మూ షాఫ్టూ రెండూ మార్చాలి. నేను చూసినంతలో పెద్ద ఖర్చుల్లో సగం ఇలాంటి చిన్న నట్ల దగ్గరే మొదలయ్యాయి.

పెట్రోల్లో నూనె

ఈ బండ్లలోని టూ స్ట్రోక్ ఇంజిన్‌కి విడిగా నూనె ట్యాంకు లేకపోతే, పెట్రోల్లో కలిసిన నూనే దాని ప్రాణం. మన వెస్పాలకి రెండు శాతం. అంటే లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల నూనె), ఐదు లీటర్లకి 100. లాంబ్రెట్టా అయితే నాలుగు శాతం. నూనె దానంతటదే కలిపే ఆటో ల్యూబ్ పంపు ఉన్న మోడల్ అయితే నూనె ట్యాంకు నిండా ఉంచితే చాలు, కాకపోతే ఆ పంపు నిజంగా పనిచేస్తోందో లేదో తెలిసేవరకు పెట్రోల్లో కూడా కలపండి. కాస్త పొగ ఎక్కువొస్తుంది, పరవాలేదు.

ఒకప్పుడు ప్రతి బంకులోనూ 2టీ కలిపే మీట ఉండేది. ఇప్పుడు బంకు కుర్రాడికి 2టీ అంటే ఏమిటో చెప్పాల్సి వస్తోంది. అందుకని డిక్కీలో ఒక లీటరు నూనె డబ్బా, 100 మిల్లీలీటర్ల గుర్తు ఉన్న చిన్న సీసా పెట్టుకోండి. పిల్లల దగ్గు మందు కొలత మూత కూడా పనికొస్తుంది. ముందు నూనె పోసి తర్వాత పెట్రోలు పోయించండి, పెట్రోలు దూకుడుకి నూనె దానంతటదే కలుస్తుంది. చివర్లో పోస్తే నూనె అడుక్కి దిగి మొదటి కిలోమీటరంతా పొగే.

నూనె మరిచిపోతే ఏమవుతుంది? బండి బాగానే పోతున్నట్టు ఉంటుంది. ఉన్నట్టుండి ఊపు తగ్గుతుంది, సన్నగా కీచుమంటుంది, వెనక చక్రం బిగుసుకుంటుంది. పిస్టన్ పట్టేసిందన్న మాట. ఆ అర సెకనులో చేయాల్సింది ఒక్కటే, క్లచ్ పట్టేయడం. పక్కకి తీసి ఆపి, అరగంట వదిలేయండి. చల్లారాక కిక్కు కిందికి దిగితే అదృష్టవంతులు, నూనె కలుపుకుని మెల్లగా ఇల్లు చేరొచ్చు. పాత వాళ్లు పొడవాటి దిగుడు రోడ్డు మీద ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచి నడిపేవారు. ఊరికే కాదు.

కిక్కు

చల్లగా ఉన్న ఇంజిన్‌కి: సీటు కింద పెట్రోల్ మీట తెరవండి, చోక్ లాగండి, రేస్ ఇవ్వకండి. కిక్కుని చేత్తోనో కాలితోనో మెల్లగా నొక్కితే ఒక చోట గట్టిగా తగులుతుంది. అక్కడి నుంచి పైకి వదిలి, ఒకే ఊపున చివరిదాకా తొక్కండి. రెండు మూడు కిక్కులకి అందుకోవాలి. అందుకున్నాక అర నిమిషానికి చోక్ లోపలికి నెట్టేయాలి. వేడిగా ఉంటే చోక్ అక్కర్లేదు.

మన ఇళ్లలో అందరికీ గుర్తున్న దృశ్యం ఒకటుంది. పొద్దున్నే నాన్న స్కూటర్‌ని కుడి వైపుకి వంచి, ఓ ఐదు సెకన్లు పట్టుకుని, లేపి కిక్కు కొట్టడం. పిల్లలం ఏదో పూజా విధానం అనుకునేవాళ్లం. రాత్రంతా నిలబడితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు తగ్గుతుంది. ఇంజిన్ ఉన్న కుడి వైపుకి వంచితే ట్యాంకు అడుగున ఉన్న కాస్త పెట్రోలూ ఆ పక్కకి చేరుతుంది. పని చేస్తుంది, కాదనను. కానీ రోజూ వంచాల్సి వస్తోందంటే పెట్రోలు సరిగా దిగడం లేదు. మీటలోని జాలీ, పైపు మడత, ఫ్లోటు సూది (కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలుని ఆపేది) చూడాలి. వాటిని శుభ్రం చేశాక నేను వంచడం మానేశాను. మా నాన్నకి అది నచ్చలేదు, ఆయన ఇప్పటికీ ఒకసారి వంచి చూస్తారు.

ఆపేటప్పుడు పెట్రోల్ మీట మూసేయండి. ఇది తప్పనిసరి. ఫ్లోటు సూది కొంచెం కారుతున్నా, రాత్రికి రాత్రి పెట్రోలు ఇంజిన్ అడుగుకి దిగుతుంది. పొద్దున ఎంత కొట్టినా అందుకోదు. అలా నిండిపోతే మీట మూసి, రేస్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్కులు కొట్టండి. తర్వాత ప్లగ్గు విప్పి తుడిచి, మళ్లీ కొన్ని కిక్కులు ప్లగ్గు లేకుండా కొట్టి, ఆరనిచ్చి బిగించండి.

ప్లగ్గు చదవడం నేర్చుకోండి

ఒక్క పనే నేర్చుకోవడానికి ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. పది పన్నెండు కిలోమీటర్లు మామూలుగా నడిపి, ఆపి, కాస్త చల్లారాక కుడి డొప్ప తీసి ప్లగ్గు విప్పండి. మొనని వెలుగులో పెట్టి చూడండి.

ఇటుక పొడి రంగో, పాలు తక్కువ కాఫీ రంగో ఉంటే ఇంజిన్ సుఖంగా ఉంది. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ పూడుకుంది, లేదా చోక్ పూర్తిగా మూసుకోవడం లేదు. నల్లగా తడిగా జిగురుగా ఉంటే నూనె ఎక్కువ, లేదంటే గేర్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే ఆగండి, నడపకండి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది, ఇంజిన్ మాడుతోంది, తర్వాత మెట్టు పిస్టన్ పట్టేయడమే.

మొనల మధ్య సందు 0.6 మిల్లీమీటర్లు. కొత్తది కొనేటప్పుడు మర పొడుగు పాతదానితో పక్కపక్కన పెట్టి చూసుకోండి. 150 సీసీ వెస్పా హెడ్డుకి పొట్టి మర ప్లగ్గు కావాలి. కొట్టువాడు పొడుగు మరది ఇస్తే అది లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగులుతుంది. బిగించేటప్పుడు మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. హెడ్డు అల్యూమినియం, స్పానర్‌తో వంకరగా ఎక్కిస్తే మర పోతుంది. డిక్కీలో ఎప్పుడూ ఒక మంచి ప్లగ్గు, ప్లగ్గు స్పానర్ ఉండాలి.

కార్బొరేటర్, ఒక ఆదివారం పని

పాత బండి "మిస్సింగ్ కొడుతోంది", "పికప్ లేదు", "ట్రాఫిక్‌లో ఆగిపోతోంది" అంటే పదిలో ఆరుసార్లు జెట్టులో చెత్తే. మెకానిక్ దగ్గరికి పరుగెత్తేముందు ఇది మీరే చేయండి. పెట్రోలు మీట మూసి, కుడి డొప్ప తీసి, కార్బొరేటర్ డబ్బా మూత విప్పండి. లోపల ఎయిర్ ఫిల్టర్ కనబడుతుంది. రెండు స్క్రూలు విప్పితే చేతికి వస్తుంది. దాన్ని పెట్రోల్లో ముంచి కడిగి ఆరబెట్టండి. ఫిల్టర్ తీశాక కార్బొరేటర్ మీద రెండు ఇత్తడి తలలు కనిపిస్తాయి. ఒకటి మెయిన్ జెట్టుది, ముక్కలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి ఉంటాయి. రెండోది స్లో రన్నింగ్ జెట్టు. సరైన సైజు స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి, ఇత్తడి తల చిదికితే మళ్లీ రాదు. మెయిన్ జెట్టు ముక్కలు ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకోండి.

జెట్టుని వెలుగుకి పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా వెలుగు చుక్కలా కనబడాలి. పూడుకుంటే నోటితోనో పంపుతోనో ఊదండి, పెట్రోల్లో నానబెట్టండి. పిన్నీసు, తీగ పెట్టి పొడవకండి. రంధ్రం వెంట్రుకంత పెద్దదైనా లెక్క మొత్తం మారిపోతుంది. తిరిగి బిగించాక ఇంజిన్ వేడెక్కించి, వెనక ఉన్న మిక్చర్ స్క్రూని మెల్లగా లోపలికి తగిలేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి విప్పండి. తర్వాత అటూ ఇటూ పావు చుట్టు తిప్పుతూ ఇంజిన్ నిలకడగా మోగే చోట వదిలేయండి. స్లో రన్నింగ్ స్పీడు పై స్క్రూతో సరిచేసుకోవచ్చు. కార్బొరేటర్‌ని కిందికి పట్టి ఉంచే రెండు పొడవాటి బోల్టులు ఎక్కువ బిగిస్తే అడుగు వంగిపోయి గాలి లీకవుతుంది. బిగించినప్పుడు మీ మణికట్టు బలం చాలు, మోచేయి బలం వద్దు.

జెట్లు శుభ్రంగా ఉన్నా రేస్ వదిలాక ఇంజిన్ చప్పున దిగకుండా అలాగే మొరుగుతోందంటే ఎక్కడో గాలి లాగుతోంది. గాస్కెట్టు, లేదంటే మ్యాగ్నెట్ వైపు క్రాంక్ సీలు. అటు వైపు కాకుండా క్లచ్ వైపు సీలు పోతే కథ వేరు. గేర్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, వెనక నుంచి వచ్చే పొగ వీధంతా కమ్మేస్తుంది, ఆపేశాక కూడా వాసన వదలదు. దీనికి ఇంజిన్ దింపి కేసింగ్ విడదీయాలి. ఎవరైనా "ఊరికే నూనె తక్కువ కలపండి సార్, పొగ తగ్గుతుంది" అని సలహా ఇస్తే వినకండి.

ఇంజిన్ ఒకసారి విప్పించాక సీళ్లు, బేరింగులు, క్లచ్ ప్లేట్లు అన్నీ ఒకేసారి మార్పించుకోండి. సామాను ధర తక్కువ, దింపి ఎక్కించే కూలి ఎక్కువ. బోర్ కొట్టించారంటే మొదటి 500 కిలోమీటర్లు 40 దాటకుండా, ఒకే స్పీడులో ఎక్కువసేపు పోకుండా నడపండి. ఆ రోజుల్లో నూనె కాస్త ఎక్కువ కలపండి.

కేబుళ్లు, చక్రాలు

వెస్పా గేర్లు ఎడమ చేతి పిడి తిప్పితే పడతాయి. లోపల రెండు కేబుళ్లు ఒకటి లాగితే ఇంకోటి వదులుతుంది. మూడో గేరు వేస్తే రెండు, నాలుగు మధ్య ఊగుతుంటే అవి సాగాయని అర్థం. క్లచ్ లివరు దగ్గర రెండు మిల్లీమీటర్ల ఆట ఉండాలి. అసలు ఆట లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం నొక్కినట్టే ఉండి ప్లేట్లు కాలిపోతాయి. కేబులు తెగేముందు ముందుగానే చెప్తుంది. లివరు గరగరమంటుంది, పోగులు ఒక్కొక్కటే ఊడి గుండీ దగ్గర ముళ్లలా పొడుచుకొస్తాయి. అది కనబడిన రోజే మార్చండి. ఒక క్లచ్ కేబులు, ఇంజిన్ వైపు చివర బిగించే స్క్రూ నిప్పిలు డిక్కీలో ఉంచుకోండి. తొడుగు తీయకుండా లోపలి తీగ మాత్రమే మార్చుకోవచ్చు. గ్రీజు రాసి పైనుంచి తోస్తే కింద వస్తుంది. రోడ్డు పక్కన ఇరవై నిమిషాల పని.

క్లచ్ తెగినా ఇంటికి రావచ్చు. ఇంజిన్ ఆపి, రెండో గేరులో పెట్టి, నెట్టుకుంటూ పరుగెత్తి అందుకోగానే ఎక్కడమే. సిగ్నల్స్ లేని దారి చూసుకోండి.

చక్రాల గాలి ముందు 18 పీఎస్‌ఐ, వెనక చక్రానికి ఒక్కరే అయితే 25, వెనక మనిషి ఉంటే 36. పంక్చర్ షాపులో అన్నిటికీ ఒకటే గాలి కొట్టేస్తారు, పక్కన నిలబడి చెప్పండి. పంక్చరైతే దస్కానియోకి దణ్ణం పెట్టుకోవచ్చు: కారు చక్రంలాగా నట్లు విప్పి స్టెప్నీ ఎక్కించడమే, చైను తీసే పని లేదు. అయితే ఒక హెచ్చరిక. రిమ్ము రెండు పెంకులుగా ఉంటుంది. రెండింటినీ కలిపి పట్టుకునే నట్లు వేరు, చక్రాన్ని డ్రమ్ముకి పట్టుకునే నట్లు వేరు. ట్యూబు మార్చడానికి పెంకుల నట్లు విప్పేముందు గాలి మొత్తం తీసేయాలి. గాలి ఉండగా విప్పితే పెంకు ఎగిరి వచ్చి మొహానికి కొడుతుంది. కొత్త కుర్రాడు పని చేస్తుంటే దగ్గరుండి చూడండి.

వానాకాలం, మూల పెట్టడం

వానకి తడిస్తే ఇంటికి రాగానే కాళ్ల రేకు మీది రబ్బరు మ్యాటు ఎత్తి ఆరబెట్టండి. తుప్పు అక్కడే పుడుతుంది. ఆ మ్యాటు లేకుండా నడిపితే ఇంకా మంచిది. ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, మధ్య గొట్టంలోకీ కాళ్ల రేకు మడతల్లోకీ తుప్పు పట్టని మైనపు స్ప్రే కొట్టించండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూసే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది కానీ ఇంట్లో వాళ్లు తిడతారు.

నెలకి మించి బయటికి తీయరనుకుంటే, మీట మూసి, ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి. కార్బొరేటర్ ఖాళీ అవుతుంది, లోపల పెట్రోలు జిగురుగా గట్టిపడదు. ప్లగ్గు తీసి రంధ్రంలో ఒక చెంచా 2టీ నూనె పోసి, రెండుసార్లు మెల్లగా కిక్కు నొక్కి, ప్లగ్గు పెట్టేయండి. ముందు చక్రం గాలిలో ఉండేలా స్టాండ్ వేయండి. మళ్లీ తీసేటప్పుడు పాత పెట్రోలు మొక్కలకి కూడా పోయకండి, కొత్తది పోయించుకోండి.

సైలెన్సర్‌లో మసి పేరుకుని ఊపు తగ్గితే ఒకప్పుడు మెకానిక్‌లు దాన్ని విప్పి మంటలో కాల్చి, కర్రతో కొట్టి దులిపేవారు. ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. పల్చటి రేకు సైలెన్సర్ ఆ దెబ్బలకి తట్టుకోదు, కొత్తది కొనుక్కోవడమే చవక.

మెకానిక్ విషయంలో: బోర్డు చూసి కాకుండా షెడ్డు మూల చూసి వెళ్లండి. అక్కడ రెండు మూడు పాత ఇంజిన్లు విప్పి ట్రేల్లో వరసగా సర్ది ఉంటే సరైన చోటికి వచ్చినట్టే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇంకా చేతక్ కాలం నుంచి పని చేస్తున్న పెద్దవాళ్లు దొరుకుతారు. వాళ్లని "భాయ్", "అన్నా" అనో "మేస్త్రీగారూ" అనో పిలిచి, పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. వాళ్లు విప్పిన ప్రతి పాత సామానూ అడిగి తీసుకుని సంచిలో వేసుకోండి. కొత్తగా వేసిన క్లచ్ ప్లేటు ఆర్నెల్లకే పోయినప్పుడు, సంచిలోంచి ఆ పాత ప్లేటు తీసి గీకి, శుభ్రం చేసి ఎక్కిస్తే ఇంకో రెండేళ్లు లాగిన సందర్భం నాకు ఉంది.